పేరులో దొరికేవాళ్ళు, వాడలో దొరికేవాళ్ళు: లటాన్యా స్వీనీ కృషిపై ఒక దళిత పరిశీలన

నీతి అనే మాట వినగానే మాకు అనుమానం వస్తుంది. ఈ దేశంలో నీతి చెప్పేవాళ్ళు ఎప్పుడూ అరుగు మీద కూర్చున్నారు, వినేవాళ్ళు కింద నిలబడ్డారు. ఇప్పుడు కంప్యూటర్ చదువులోకి కూడా నీతి వచ్చింది. కృత్రిమ మేధ, అంటే ఇవ్వాళ అందరూ ఏఐ అంటున్నది, మనిషికి హాని చెయ్యకుండా చూడాలని సదస్సులు జరుగుతున్నాయి. ఇంజనీరింగు కాలేజీల్లో మానవ విలువల పేరిట ఒక పాఠం పెట్టారు. మేము చూసిన తరగతుల్లో ఆ పాఠం సామరస్యం గురించి మాట్లాడుతుంది, ఆనందం గురించి మాట్లాడుతుంది. కులం దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంటుంది.

అట్లాంటప్పుడు అమెరికాలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లటాన్యా స్వీనీ గురించి దళిత విద్యార్థులూ కార్యకర్తలూ ఎందుకు చదవాలి? ఆమె నీతి బోధించలేదు. యంత్రం ఎవరికి అన్యాయం చేస్తోందో బయటి నుంచి పరీక్షించి రుజువు చెయ్యడం నేర్పారు. ఆ నేర్పు మనకు కావాలి. అయితే ఆమె చూపిన మందు మన జబ్బుకు అట్లాగే పనికిరాదు. ఎందుకు పనికిరాదో చెప్పడానికే ఈ వ్యాసం.

పేరు తెచ్చిన ప్రశ్న

స్వీనీ 1959లో టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టిన నల్లజాతి స్త్రీ. ఎం.ఐ.టి.లో చదువు మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుకున్నారు. ఏళ్ళ తర్వాత, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు వచ్చి చదివే హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్లో 1995లో డిగ్రీ పూర్తి చేసి, మళ్ళీ అదే ఎం.ఐ.టి.కి వెళ్ళారు. 2001లో అక్కడ కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ సంస్థలో ఆ శాస్త్రంలో ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2011లో హార్వర్డ్‌కు వచ్చారు. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ముఖ్య సాంకేతిక నిపుణురాలిగా పనిచేశారు. మొదటి తరం చదువుకునేవాళ్ళకు మధ్యలో ఆగిన చదువు అంటే ఏంటో మేము వేరే చెప్పక్కర్లేదు.

ఆమె పనిలో బాగా పేరొచ్చింది 2013లో అచ్చయిన అధ్యయనం. దాని మొదలు చాలా చిన్నది. ఒకరోజు ఆమె పేరుతో గూగుల్‌లో వెతికితే పక్కన ఒక ప్రకటన వచ్చింది: లటాన్యా స్వీనీ అరెస్టయ్యారా అని. ఆమె మీద ఎప్పుడూ ఏ కేసూ లేదు. డబ్బు కట్టి ఆ కంపెనీ రికార్డు తెరిపిస్తే అందులోనూ అరెస్టు లేదు. ఇదే ప్రకటన తెల్లవాళ్ళ పేర్లకు వస్తుందా? ఇక్కడ మామూలు మనిషి అవమానం దిగమింగుకుని ఊరుకుంటాడు. ఆమె లెక్క తీశారు. 2,184 మంది అసలు మనుషుల పేర్లు పోగుచేసి, రెండు సైట్లలో ఆ పేర్లన్నీ వెతికారు.

ఫలితం అచ్చులో ఉంది. నల్లజాతి పిల్లలకు ఎక్కువగా పెట్టే డీషాన్, డార్నెల్, జెర్మెయిన్ లాంటి పేర్లకు ఒక సైటులో 81 నుంచి 86 శాతం సార్లు అరెస్టును సూచించే ప్రకటనలు వచ్చాయి. తెల్లవాళ్ళు ఎక్కువగా పెట్టుకునే జెఫ్రీ, జిల్, ఎమ్మా లాంటి పేర్లకు 23 నుంచి 29 శాతం సార్లే వచ్చాయి. ఆ మనిషి మీద నిజంగా కేసుందా లేదా అన్నదానితో పని లేకుండా వచ్చాయి.

మరి దోషి ఎవరు? ప్రకటన ఇచ్చిన కంపెనీ, నేను అందరికీ ఒకే మాటలు ఇచ్చానంది. గూగుల్ తాను జాతిని బట్టి ఏమీ చెయ్యనంది. స్వీనీ తొందరపడి తీర్పు చెప్పలేదు. జనం ఏ ప్రకటన మీద ఎక్కువగా నొక్కితే దాన్నే యంత్రం ఎక్కువగా చూపించే పద్ధతి ఉంది కాబట్టి, సమాజంలోని వివక్షే నొక్కుడులుగా మారి యంత్రంలోకి చేరి ఉండొచ్చని ఒక అవకాశంగా చెప్పారు. మనకు ఇది కొత్త సంగతి కాదు. హోటల్లో గ్లాసు వేరుగా పెట్టినవాడు, నాకేం లేదయ్యా, వచ్చే జనం ఒప్పుకోరు అంటాడు. వచ్చే జనాన్ని అడిగితే, హోటలువాడే పెట్టాడు అంటారు. ముట్టుకోనన్నవాడు ఎవడూ దొరకడు, అంటరానితనం మాత్రం ఉంటుంది.

మన దేశంలో ఇట్లాంటి పరీక్ష అంతకు ముందే జరిగిందని గుర్తుపెట్టుకోవాలి. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, ఇంటిపేర్లు వేరు. పిలుపు వచ్చే అవకాశం సవర్ణ హిందువుల పేర్లతో పోలిస్తే దళితుల పేర్లకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లింల పేర్లకు సుమారు మూడో వంతు అని తేలింది. ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిదాంట్లో యంత్రం, రెండోదాంట్లో మేనేజరు. ఇవ్వాళ మేనేజరు చేసే ఏరివేత పనిని కంపెనీలు యంత్రానికి అప్పజెబుతున్నాయి.

పేరు తీసేస్తే చాలా?

అయితే పేరు తీసేస్తే సరిపోతుంది గదా అంటారు కొందరు. మంచి బుద్ధితోనే అంటారు. స్వీనీ అంతకు చాలా ముందే దీనికి జవాబు చెప్పారు. మసాచుసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. ఎవరి గుట్టూ బయటపడదని అప్పటి గవర్నరు విలియం వెల్డ్ హామీ ఇచ్చారు. అప్పటికి విద్యార్థినిగా ఉన్న స్వీనీ, 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి పట్టణం ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నరు పుట్టినరోజే పుట్టినరోజైనవాళ్ళు ఆ జాబితాలో ఆరుగురు. అందులో మగవాళ్ళు ముగ్గురు. ఆయన పిన్‌కోడులో ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కడి ఆసుపత్రి రికార్డు పేరు లేకుండానే దొరికిపోయింది.

2000లో ఆమె ఇంకో లెక్క చెప్పారు. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడు ఈ మూడూ తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని. 2006లో ఫిలిప్ గోల్ అనే పరిశోధకుడు మళ్ళీ లెక్కగట్టి అది సుమారు 63 శాతమన్నాడు. అంకె తగ్గింది, సంగతి మారలేదు. మనిషి గుర్తు పేరులో మాత్రమే ఉండదు. మామూలు వివరాలు నాలుగు కలిసినచోట ఉంటుంది.

దీనికి ఆమె చూపిన మందు పేరు కె-అనానిమిటీ. పియరాంజెలా సమరాటితో కలిసి 1998లో మొదలుపెట్టి, 2002లో వివరంగా రాశారు. సూత్రం తేలికే. బయటపెట్టే జాబితాలో ప్రతి మనిషీ కనీసం కొంతమందితో కలిసిపోయి కనపడాలి. ఆ సంఖ్యే కె. పదనుకుంటే, పుట్టిన తేదీ బదులు ఏడాదో దశాబ్దమో ఇచ్చి, పిన్‌కోడులో చివరి అంకెలు కొట్టేసి, ఒకే రకంగా కనిపించే పదిమంది గుంపు తయారుచేస్తారు. ఆ పదిమందిలో నువ్వెవరో తెలియదు కాబట్టి నువ్వు దాగినట్టే.

వాడ దగ్గర ఆగిపోయిన సూత్రం

ఈ పాఠాన్ని మేము ఒక జిల్లా కేంద్రంలోని కాలేజీలో చెప్పినప్పుడు వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, మా ఎస్సీ కాలనీలో పదిమంది కాదు, వందమందిలో దాచినా కులం తెలిసిపోద్ది గదా" అన్నాడు. తరగతి నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు ఒక్క వాక్యంలో పెద్ద విమర్శ చేశాడు.

కంప్యూటర్ శాస్త్రవేత్తలకూ ఈ లోపం తెలుసు. 2006లో అశ్విన్ మాచనవజ్ఝల, ఆయన సహ పరిశోధకులు ఇదే చూపించారు. గుంపులో పదిమందికీ ఒకే జబ్బు ఉంటే, నువ్వు ఎవరైతేనేం, నీ జబ్బు తెలిసిపోయినట్టే. కాబట్టి ప్రతి గుంపులోనూ దాచాల్సిన విషయం రకరకాలుగా ఉండేట్టు చూడాలన్నారు. శాస్త్రంగా ఇది ముందడుగే. కానీ వాళ్ళు దీన్ని జాబితాలో అప్పుడప్పుడు తలెత్తే చిక్కుగా చూశారు. మన ఊళ్ళో అది ఊరి నిర్మాణం. ఊరు ఒక వైపు, మాలపల్లె ఒక వైపు, మాదిగవాడ ఇంకో వైపు. గుంపుల్ని కులమే ముందుగా విడగొట్టి పెట్టింది. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో దాడికి వచ్చినవాళ్ళు ఎవరి పేరూ అడగలేదు. వాడ ఎక్కడుందో వాళ్ళకు తెలుసు, అంతే.

వాడను దాచాలంటే ఏం చెయ్యాలి? జాబితాలో వాడనూ ఊరునూ కలిపెయ్యాలి. కలిపితే ఊరి సగటు వస్తుంది. ఊళ్ళో ఇంటింటికీ కుళాయి ఉండి వాడలో నాలుగిళ్ళకే ఉంటే, సగటులో వాడ దాహం మాయమవుతుంది. అంటే మన మనిషిని దాచే పద్ధతే మనకు జరిగే అన్యాయాన్నీ దాచేస్తుంది. విడిగా చూపిస్తే దొరికిపోతాం, కలిపి చూపిస్తే లేకుండా పోతాం. కె అంకె పెంచితే తీరే చిక్కు కాదిది.

అమెరికాలో కూడా నల్లవాళ్ళ పేటలు వేరుగానే ఉన్నాయి గదా అని అడగొచ్చు. ఉన్నాయి. అందుకే ఈ విమర్శ స్వీనీ సూత్రానికి అక్కడ కూడా కొంత తగులుతుంది. కాకపోతే ఇక్కడ గుర్తులు ఇంకా ఎక్కువ. పేరులో తెలియకపోతే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరులో తేలకపోతే ఊళ్ళో ఏ వైపు అంటారు. కాలేజీలో చేరిన మొదటి వారం ర్యాంకెంత అని అడుగుతారు. ఆ ర్యాంకుకు ఆ సీటెట్లా వచ్చిందో లెక్కేసుకుని కులం తెలుసుకుంటారు. మాకు తెలిసిన ఒక విద్యార్థిని ఉద్యోగం కోసం రాసుకున్న బయోడేటాలో అంబేద్కర్ నగర్ అని తీసేసి మండలం పేరు మాత్రమే ఉంచింది. ఎవరూ ఆమెకు గోప్యతా శాస్త్రం చెప్పలేదు. బతుకు చెప్పింది.

దాచే స్వీనీ, లెక్కబెట్టే స్వీనీ

స్వీనీ కృషిని జాగ్రత్తగా చదివితే అందులో ఇద్దరు స్వీనీలు కనపడతారు. ఆసుపత్రి రికార్డుల స్వీనీ మనిషిని గుంపులో దాచమంటారు. ప్రకటనల అధ్యయనం చేసిన స్వీనీ నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ విడదీసి లెక్కబెడతారు. జాతి గుర్తును చెరిపేస్తే ఆ రెండో అధ్యయనమే లేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న బిగువును ఆమె సిద్ధాంతంగా విప్పి చెప్పినట్టు మాకు కనిపించలేదు. ఆ పని మనం చెయ్యాలి, ఎందుకంటే ఆ బిగువులోనే మన రాజకీయ చరిత్ర అంతా ఉంది.

1932లో లోథియన్ కమిటీ ముందు కొన్ని ప్రాంతాల సవర్ణులు తమ దగ్గర అంటరానివాళ్ళు చాలా తక్కువని వాదించారు. ప్రాతినిధ్యం సంఖ్యను బట్టి వస్తుందని తెలిశాక హఠాత్తుగా అంటరానివాళ్ళు తగ్గిపోయారు. ఆ కమిటీలో సభ్యుడైన అంబేద్కర్ ఆ అంకెల మీద పోరాడాల్సి వచ్చింది. 1994లో మొదలైన మాదిగ దండోరా అడిగిందీ లెక్కే. ఎస్సీ అనే ఒకే గుంపులో కలిపేస్తే మాదిగలూ రెల్లీలూ కనపడకుండా పోతున్నారని. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చాకగానీ ఆ వాదన గెలవలేదు. తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గుంపులుగా చేసిన చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. గుంపులో దాగడం అన్నివేళలా రక్షణ కాదని మనవాళ్ళు ఉద్యమంలో నేర్చుకున్నారు.

రెండో వైపు కూడా చూడాలి. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. తర్వాత వచ్చిన సమగ్ర వేదిక అనే వ్యవస్థ రకరకాల ప్రభుత్వ రికార్డుల్లోని పేర్లనూ చిరునామాలనూ పోల్చి, ఇద్దరూ ఒక్కరేనా అని యంత్రంతో తేల్చింది. పేదలకొచ్చే రేషన్ కార్డులకు అర్హులెవరో చూడటానికి దాన్ని వాడారు. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడికి కారు ఉందని ఆ యంత్రం చెప్పిందని, పేరు కలవడం వల్ల ఇంకొకరి కారు ఆయన ఖాతాలో పడిందని 2024 జనవరిలో వచ్చిన పరిశోధన కథనం బయటపెట్టింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్ళీ క్షేత్రస్థాయిలో తనిఖీ చెయ్యమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మన వాడల్లో ఎంతమంది ఎల్లయ్యలు, ఎంతమంది మల్లయ్యలు, ఎంతమంది పోచమ్మలు! పేర్లు పోల్చి తీర్పు చెప్పే యంత్రం తప్పు చేస్తే ఆ తప్పు ఎవరి కంచంలో పడుతుంది? కోసేసిన కార్డుల లెక్కను కులంవారీగా బయటపెట్టమని అడగాలి.

కాబట్టి మా వాదన ఇది. లెక్కలో మనం ఉండాలి. విడిగా, ఉపకులాలతో సహా ఉండాలి. కానీ ఆ లెక్క మనిషిని పట్టివ్వకూడదు. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డమని కంప్యూటర్ పుస్తకం చెబుతుంది. కొంతవరకు నిజమే. అయితే దాంట్లో అసలు ప్రశ్న ఎవరూ అడగరు: రికార్డు ఎవరి చేతిలో ఉంది, దాన్ని ప్రశ్నించే హక్కు ఎవరికుంది? తెలంగాణ కులసర్వే 2024 నవంబరులో మొదలై, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించింది. జనగణనలో కులం లెక్క తీస్తామని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. ఆ లెక్కల సమితుల్లో దళిత కంప్యూటర్ శాస్త్రజ్ఞులు కూర్చోకపోతే, దాచాల్సింది బయటపడుతుంది, బయటపడాల్సింది దాగిపోతుంది.

మన తరగతి గది

ఇక్కడే స్వీనీ ఉపాధ్యాయ వృత్తి మనకు అక్కరకొస్తుంది. ఆమె హార్వర్డ్‌లో ప్రభుత్వ పాలన, సాంకేతికత కలిపి చెబుతారు. టెక్నాలజీ సైన్స్ అనే పత్రిక మొదలుపెట్టి అందులో విద్యార్థుల పరిశోధనలకు కూడా చోటిచ్చారు. 2015లో హార్వర్డ్ విద్యార్థులు అందులో ఒక అధ్యయనం వేశారు. ప్రవేశ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక కంపెనీ పిన్‌కోడును బట్టి ధర మారుస్తోందని, ఎక్కువ ధర ఆసియా సంతతివాళ్ళకు పడే అవకాశం దాదాపు రెట్టింపని చూపించారు. 2019లో ఇంకో విద్యార్థి, ప్రభుత్వం ప్రజాభిప్రాయం అడిగినచోట యంత్రం రాసిన 1,001 అభిప్రాయాలు పంపాడు. ఏది మనిషి రాసిందో, ఏది యంత్రం రాసిందో చదివినవాళ్ళు పోల్చలేకపోయారు. పరీక్ష అయ్యాక ఆ కుర్రాడు అధికారులకు చెప్పి వాటిని వెనక్కి తీసుకున్నాడు. ఇది పాఠం. యంత్రం లోపల ఏముందో చూపించమని కంపెనీని బతిమాలకుండా, బయటి నుంచి ప్రశ్నలు వేసి జవాబులు కూడబెట్టడం.

ఇందులో ఒక తేడా మరవకూడదు. హార్వర్డ్ విద్యార్థి అడిగితే కంపెనీ జవాబు చెబుతుంది. మన జిల్లా కాలేజీ విద్యార్థి అడిగితే ప్రిన్సిపాలు పిలిచి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నావు, నీకెందుకీ గొడవ అంటాడు. అక్కడ పరిశోధన అనిపించుకున్నది ఇక్కడ క్రమశిక్షణ లేకపోవడం అవుతుంది. అందుకే ఈ పని ఒక్కొక్కరుగా కాక, అధ్యాపకులు ముందు నిలబడి, విద్యార్థి సంఘాల అండతో చెయ్యాలి.

మనకు వారసత్వం లేదా? ఉంది. 2006 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్ రోళ్ళు ఊరి మధ్య చదివి వినిపిస్తే, కూలీలే లేచి, ఆ పని మేము చెయ్యలేదు, ఆ డబ్బు మాకు రాలేదు అన్నారు. చదువు రాని మనిషి రికార్డును పరీక్షించిన పద్ధతి అది. స్వీనీ తరగతిలో జరిగేదీ, ఆ గ్రామసభలో జరిగిందీ మా దృష్టిలో ఒకే జాతి పని. ఈ రెండింటినీ కలిపితే మన పాఠం తయారవుతుంది.

చెయ్యగలిగినవి కొన్ని చెబుతాం. ఒకే బయోడేటాను నాలుగు ఇంటిపేర్లతో, రెండు చిరునామాలతో రాసి ఏఐ యంత్రానికి ఇచ్చి ఎవరిని పిలుస్తావని అడగాలి. ఒకసారి కాదు, వందలసార్లు అడిగి లెక్క రాయాలి. తెలుగులో కథ రాయమని చెప్పి, పూజారికి ఏ పేరు పెట్టింది, పాకీ పనివాడికి ఏ పేరు పెట్టిందో చూడాలి. కార్డు పోయిన కుటుంబాల దగ్గరకు వెళ్ళి, యంత్రం చెప్పిన కారణమూ ఇంటి వాస్తవమూ పక్కపక్కన రాయాలి. పేర్లు మాత్రం తీసేసి, వాడ పేరు చెప్పాలో వద్దో వాడ మనుషుల్నే అడిగి రాయాలి. ఫలితం ఎట్లా వస్తుందో మేము ముందే చెప్పం. మనకు వ్యతిరేకంగా వచ్చినా అచ్చువెయ్యాలి. రుజువు మీద నిలబడినవాళ్ళకు ఆ భయం ఉండకూడదు.

ఆ వెనక బెంచీ కుర్రాడు ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాడు. ప్రాజెక్టుకు ఏం తీసుకోవాలని అడిగితే, నువ్వు ఆ రోజు వేసిన ప్రశ్నే తీసుకోమన్నాం. గైడు ఒప్పుకుంటాడా సార్ అన్నాడు. ఒప్పించే పని మాది, లెక్క తీసే పని నీది అన్నాం.